వైద్యానికి తోడైన యంత్రవిద్య

ఉద్దేశం

రోగాన్ని గుర్తించడంలోను, రోగిని తిరిగి తన పనులకు సిద్ధం చేయడంలోను యంత్రవిద్య వైద్యానికి ఏ విధంగా తోడ్పడుతున్నదో తెలియజేయడం, పరికరం విలువ దాని నిర్మాణ నైపుణ్యంలో కన్న దానిని వాడుకొనే మనిషి జీవితంలో తేలుతుందన్న విషయాన్ని విద్యార్థులకు అవగతం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఋగ్వేదం మొదటి మండలంలో విశ్పల అనే వీరనారి ప్రస్తావన వస్తుంది. యుద్ధంలో ఆమె కాలు తెగిపోగా, దేవవైద్యులైన అశ్వినీ దేవతలు రాత్రికి రాత్రే ఆమెకు ఇనుప కాలు అమర్చారని అక్కడి సూక్తం కీర్తిస్తుంది. ఇది చరిత్రా, కల్పనా అన్న చర్చ మనకు ఇక్కడ అవసరం లేదు. ఆ కాలు ఎందుకు ఇచ్చారో సూక్తకర్త చెప్పిన తీరు మాత్రం గమనింపదగినది. ఆమె ఇంటిపట్టున కూర్చోవడానికి కాదు, తిరిగి రణరంగంలో సంచరించడానికి దానిని ఇచ్చారట. పోయిన అవయవానికి బదులు మరొకదానిని అమర్చడం ఒక పని. ఆ మనిషిని తాను చేసే పనికి తిరిగి చేర్చడం మరొక పని. ఈ రెండింటి నడుమ గల భేదాన్ని ఆ ప్రాచీన భావన గుర్తించింది.

శస్త్రవైద్యానికి ఆకరగ్రంథమైన సుశ్రుత సంహిత 101 యంత్రాలను, 20 శస్త్రాలను పేర్కొన్నది. వాటిలో కొన్నింటికి సింహం నోరు, కంకపక్షి ముక్కు మొదలైనవాటి ఆకృతులు చెప్పింది. ఇన్ని యంత్రాలను వర్ణించిన సుశ్రుతుడు వాటన్నింటిలో ప్రధానమైన యంత్రం వైద్యుని చేయే అన్నాడు. చేయి లేక ఏ యంత్రమూ పనిచేయదని ఆయన భావం. నేటి వైద్యశాలలో యంత్రాల సంఖ్య వందలు దాటింది. అయినా ఆ మాటకు విలువ తగ్గలేదు.

ఇంజనీరింగ్ సూత్రాలను మానవదేహానికి అన్వయించి, రోగనిర్ధారణకు, చికిత్సకు, పునరావాసానికి తగిన సాధనాలను రూపొందించే శాస్త్రాన్ని బయోమెడికల్ ఇంజనీరింగ్ అంటున్నాం. తెలుగులో దీనిని జీవవైద్య ఇంజనీరింగ్ అనవచ్చు. పునరావాసం అనగానే జలాశయాల కింద మునిగిన గ్రామాల ప్రజలకు వేరొకచోట ఇళ్లు కట్టి ఇవ్వడం మనకు స్ఫురిస్తుంది. వైద్యంలో ఆ మాటకు అర్థం వేరు. వ్యాధి వల్లనో, ప్రమాదం వల్లనో తన జీవితం నుండి వెలుపలికి నెట్టివేయబడిన మనిషిని తిరిగి ఆ జీవితంలోనే కుదుర్కొనేటట్లు చేయడం అక్కడ పునరావాసం. మునుపటి నడక, మునుపటి మాట, మునుపటి పని సాధ్యమైనంత మేరకు తిరిగి ఇవ్వడమే దాని లక్ష్యం.

చూపునకు అందనిదానిని చూపడం

వైద్యుడు పూర్వం తన ఇంద్రియాలనే సాధనాలుగా చేసుకొన్నాడు. నాడి పట్టి చూశాడు. నాలుక రంగు గమనించాడు. ఛాతీకి చెవి ఆనించి విన్నాడు. అయితే మానవుని ఇంద్రియాలకు పరిమితి ఉంది. ఆ పరిమితిని దాటడానికి సాగిన ప్రయత్నాలే రోగనిర్ధారణ పరికరాల చరిత్ర.

1816లో పారిస్ నగరంలో రెనే లయెనెక్ అనే వైద్యుడు ఒక యువతి గుండె చప్పుడు వినవలసి వచ్చింది. ఆమె ఛాతీకి చెవి ఆనించడం మర్యాద కాదని ఆయన సంకోచించారు. కాగితాన్ని గొట్టంగా చుట్టి ఒక కొనను ఆమె ఛాతీపైన, మరొక కొనను తన చెవివద్ద ఉంచుకొన్నారు. చెవి ఆనించి విన్నప్పటికన్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. స్టెతస్కోపు పుట్టుకకు మూలం ఈ సంఘటన. రోగి గౌరవాన్ని కాపాడాలన్న ఆలోచన నుండి ఇంతటి ఉపయుక్తమైన సాధనం పుట్టడం మరువరాని విషయం.

1895 నవంబరులో జర్మనీ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నారు. ఆ సంవత్సరం డిసెంబరులో ఆయన తన భార్య చేతిని చిత్రించగా వేళ్ల ఎముకలూ, వేలి ఉంగరమూ కనిపించాయి. చర్మాన్ని కోయకుండానే దేహం లోపలి భాగాన్ని చూడడం అప్పటినుండి సాధ్యమైంది. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి ఆయనకే లభించింది. తన ఆవిష్కరణపై రాంట్‌జన్ పేటెంటు తీసుకోలేదు. దాని ఫలం అందరికీ అందాలని ఆయన కోరుకొన్నారు.

ఎముకల తరువాత గుండె వంతు వచ్చింది. గుండె కొట్టుకొన్నప్పుడల్లా అతిసూక్ష్మమైన విద్యుత్తు పుడుతుంది. దానిని కొలవడానికి హాలండులోని లైడెన్ నగరంలో విలెమ్ ఐంథోవెన్ వెండిపూత పూసిన సన్నని స్ఫటికపు తీగను అయస్కాంత ధ్రువాల నడుమ వేలాడదీసి ఒక యంత్రాన్ని నిర్మించారు. దాని బరువు సుమారు 270 కిలోలు. దానిని నడపడానికి ఐదుగురు మనుషులు కావలసి వచ్చేది. రోగి తన చేతులను, కాలిని ఉప్పునీటి పాత్రలలో ఉంచి కూర్చొనేవాడు. ఇంత బరువైన యంత్రాన్ని ఆస్పత్రికి తీసికొనిపోవడం అసాధ్యం. ప్రయోగశాలకు రాగల స్థితిలో రోగులు ఉండరు. అందువల్ల 1905లో ఆయన టెలిఫోన్ తీగ ద్వారా కిలోమీటరున్నర దూరంలోని ఆస్పత్రి నుండి రోగుల హృదయ స్పందనలను తన యంత్రం వద్దకే రప్పించుకొన్నారు. రోగి యంత్రం వద్దకు రాలేనప్పుడు యంత్రమే రోగికి చేరువ కావాలన్న సూత్రం ఆనాడే అమలులోకి వచ్చిందన్నమాట. ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి లభించింది. నేడు ఈ.సి.జి. కాగితంపై మనం చూసే ఎత్తుపల్లాల గీతకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అన్న గుర్తులు పెట్టినవారు ఆయనే.

మెదడు విషయం మరింత జటిలమైనది. పుర్రె అనే పెట్టెలో భద్రంగా ఉన్న మెదడును మామూలు ఎక్స్-రే సరిగా చూపలేదు. అందుచేత వెనుకటి వైద్యులు వెన్నులోని ద్రవాన్ని కొంత తీసివేసి, దాని స్థానంలో గాలిని పంపి, ఆ గాలి మెదడు గదులలోకి చేరిన తరువాత చిత్రం తీసేవారు. ఆ పరీక్ష రోగికి ఎంతో బాధాకరంగా ఉండేది. గ్రామఫోను రికార్డులకు పేరుపడిన ఇ.ఎం.ఐ. సంస్థలో ఇంజనీరుగా పనిచేస్తున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ దీనికి వేరొక మార్గం ఆలోచించారు. అనేక కోణాల నుండి ఎక్స్ కిరణాలను పంపి, అవి ఎంతమేరకు శోషింపబడ్డాయో కొలిచి, కంప్యూటరు సహాయంతో ఆ కొలతలను కలిపితే లోపలి పొరల చిత్రం వస్తుందని ఆయన గ్రహించారు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆస్పత్రిలో మెదడులో కణితి ఉన్నదని అనుమానించిన ఒక రోగికి మొదటిసారిగా సి.టి. స్కాన్ తీశారు. కణితి ఉన్నచోటు ఆ చిత్రంలో తెలిసింది. ఇదే సమస్యను గణితం ద్వారా అంతకు ముందే స్వతంత్రంగా పరిశీలించిన అలన్ కార్మాక్‌కు, హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. వారిద్దరూ వైద్యులు కారు. ఒకరు ఇంజనీరు, మరొకరు భౌతికశాస్త్రవేత్త.

అడ్డంకిలో దొరికిన ఆధారం

2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు వేలికి తగిలించే చిన్న పరికరం ఒకటి ఇంటింటికీ పరిచయమైంది. దాని పేరు పల్స్ ఆక్సీమీటర్. అందులో కనిపించే అంకె 94కు దిగువకు జారితే ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమనేది. ఈ పరికరానికి మూలమైన సూత్రాన్ని 1970 దశకం ఆరంభంలో జపాను ఇంజనీరు టకువో అవోయాగి కనుగొని, 1974లో ప్రకటించారు.

నిజానికి ఆయన వెదికినది వేరు. గుండె ఎంత రక్తాన్ని పంపుతున్నదో సూది గుచ్చి నెత్తురు తీయకుండా తెలుసుకోవాలని ఆయన ప్రయత్నించారు. రక్తంలోకి రంగును ఎక్కించి, చెవి తమ్మె గుండా కాంతిని పంపి ఆ రంగును కొలవసాగారు. అయితే నాడి కొట్టుకొన్నప్పుడల్లా కొలత అటూ ఇటూ ఊగి లెక్కకు అడ్డుపడింది. ఆ ఊగిసలాటను తొలగించే ఉపాయం వెదుకుతూ ఆయన ఒక సత్యాన్ని గమనించారు. నాడితో పాటు ఊగేది ధమనులలోని రక్తం మాత్రమే. ప్రాణవాయువు నిండిన రక్తమూ, అది తగ్గిన రక్తమూ ఎరుపు కాంతిని, కంటికి కనిపించని పరారుణ కాంతిని వేర్వేరు పాళ్లలో పీల్చుకొంటాయి. కాబట్టి ఆ రెండు కాంతులలో నాడితో పాటు వచ్చే ఊగిసలాటను పోల్చితే ధమని రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో తెలుస్తుంది. అడ్డంకి అనుకొన్నదే ఆధారమైంది. మన ప్రాచీన వైద్యులు వేలితో పట్టి చూసిన నాడినే అవోయాగి కాంతితో పట్టి చూశారు.

అయితే ఈ కథ ఇంతటితో ముగియలేదు. 2020లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన పలువురిని ఆలోచింపజేసింది. రక్తంలో ప్రాణవాయువు ప్రమాదకరంగా తగ్గినా పల్స్ ఆక్సీమీటర్ దానిని గుర్తించలేకపోయిన సందర్భాలు తెల్లవారికన్న నల్లజాతి రోగులలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా ఉన్నాయని అందులో తేలింది. చర్మంలోని వర్ణద్రవ్యం కూడా కాంతిని పీల్చుకోవడం దీనికి కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. పరికరాన్ని సరిచూచే దశలో అన్ని వర్ణాల చర్మం గలవారిని తగినంత మందిని తీసుకోకపోతే, ఆ లోపం రోగి ప్రాణాల మీదికి వస్తుంది. యంత్రానికి పక్షపాతం ఉండదని మనం అనుకొంటాం. కాని యంత్రాన్ని ఎవరి దేహాలపై పరీక్షించారో ఆ ఎంపికలోనే పక్షపాతం దాగి ఉండవచ్చు. వివిధ వర్ణాల ప్రజలు గల మన దేశానికి ఈ విషయం మరింత ముఖ్యం.

మూడు ఓటముల తరువాత

రోగాన్ని గుర్తించిన తరువాత చెడిన అవయవం స్థానంలో కృత్రిమ భాగాన్ని అమర్చవలసిన అవసరం కొన్నిసార్లు ఏర్పడుతుంది. బాల్యంలో వచ్చే కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటాలు చెడిపోయిన యువకులు, యువతులు మన దేశంలో ఎందరో ఉన్నారు. విదేశాల నుండి వచ్చే కృత్రిమ కవాటాల వెల వారికి అందుబాటులో ఉండేది కాదు. ఈ దుస్థితిని చూసి, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో హృదయ శస్త్రవైద్యులు ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో వైద్యులు, ఇంజనీర్లు కలిసి కవాట నిర్మాణానికి పూనుకొన్నారు.

పని ఎంత కష్టమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. నిమిషానికి 70 సార్లు చొప్పున గుండె రోజుకు లక్షసార్లకు పైగా కొట్టుకొంటుంది. ఏడాదికి ఆ సంఖ్య మూడున్నర కోట్లు దాటుతుంది. అన్నిసార్లూ కవాటం తెరుచుకోవాలి, మూసుకోవాలి. అరిగిపోరాదు, విరిగిపోరాదు, దానిపై రక్తం గడ్డకట్టరాదు. వారు రూపొందించిన మొదటి మూడు నమూనాలు ఈ పరీక్షలకు నిలవలేదు. సంవత్సరాల శ్రమ వ్యర్థమైనట్లు కనిపించింది. అయినా ప్రతి వైఫల్యానికీ కారణం వెదికి, పదార్థాన్ని మార్చి, ఆకృతిని సవరించి నాలుగవ నమూనాను సిద్ధం చేశారు. మిశ్రలోహపు చట్రంలో దృఢమైన పాలిథిలీన్ పళ్లెం ఒకటి వాలుతూ లేస్తూ రక్తానికి దారి ఇచ్చే విధంగా అది నిర్మితమైంది. 1990 డిసెంబరులో దానిని మొదటిసారిగా ఒక రోగికి అమర్చారు. అటుతరువాత లక్షమందికి పైగా రోగులకు ఆ కవాటం అమరింది. విఫలమైన నమూనాలు రోగి గుండెలోకి చేరకముందే పరీక్షలలో ఓడిపోవడమే ఇక్కడ పరిశోధకుల నిజాయితీకి గుర్తు. ప్రయోగశాలలో ఓటమిని అంగీకరించలేనివాడు ఆస్పత్రిలో దానికి రోగి చేత మూల్యం చెల్లింపజేస్తాడు.

నేలకు తగిన పాదం

పదకొండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. నడుముకు పెట్టవలసిన వడ్డాణం మెడలో వేసుకొంటే అది ఎంత విలువైనదైనా నవ్వులపాలు కావలసిందే. చోటు తప్పిన అలంకారం అలంకారం కాదు. ఈ మాట పరికరాలకూ వర్తిస్తుందని జైపూరు పాదం చరిత్ర నిరూపిస్తుంది.

జైపూరులోని సవాయి మాన్‌సింగ్ ఆస్పత్రిలో ఎముకల వైద్యులు ప్రమోద్ కరణ్ సేఠీ కాలు కోల్పోయిన రోగులకు పాశ్చాత్య దేశాలలో రూపొందిన కృత్రిమ పాదాలను ఇస్తుండేవారు. అవి నాణ్యమైనవే. కాని వాటిని పొందినవారిలో పలువురు కొన్నాళ్లకే వాటిని మూలన పడవేసి తిరిగి చంకకర్రలు పట్టుకొనేవారు. కారణం వారి సోమరితనం కాదు. ఆ పాదం బూటు తొడిగి నడిచేవారికోసం, కుర్చీలో కూర్చునేవారికోసం తయారైంది. దాని చీలమండ వంగదు. మన రైతు చెప్పులు లేకుండా బురదలో దిగుతాడు. గట్ల వెంబడి నడుస్తాడు. గొంతుకూర్చుని కలుపు తీస్తాడు. నేలమీద మఠం వేసుకొని భోజనం చేస్తాడు. గుడిలోకీ, ఇంటిలోకీ పాదరక్షలు విడిచి వెళ్తాడు. ఈ పనులలో ఒక్కటైనా చేయనీయని పాదం అతనికి కాలు కాదు, కాలికి కట్టిన బరువు.

అదే ఆస్పత్రిలో రామచంద్ర శర్మ అనే శిల్పి ఉండేవారు. పెద్ద చదువులు లేకపోయినా చేతిపనిలో సిద్ధహస్తులు. సైకిలు చక్రం మరమ్మతుకు వెళ్లినచోట పాత టైరుకు కొత్త రబ్బరు అతికించడం చూసి, రబ్బరుతో పాదం చేయవచ్చన్న ఊహ ఆయనకు కలిగిందని చెబుతారు. శర్మ కల్పనాశక్తి, సేఠీ వైద్యజ్ఞానం కలిసి 1968 నాటికి జైపూరు పాదంగా రూపుదాల్చాయి. రబ్బరు, కొయ్య ముక్కలతో, మనిషి పాదం ఆకారంతో అది తయారైంది. అన్ని వైపులకూ వంగుతుంది. నీటిలో నానినా చెడదు. బూటు అవసరం లేదు. గొంతుకూర్చోవచ్చు, చెట్టు ఎక్కవచ్చు. వెల కూడా తక్కువ. 1981లో సేఠీకి రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 1975లో జైపూరులో ఏర్పడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ పాదాన్ని దేశవిదేశాలలోని నిరుపేదలకు ఉచితంగా అందిస్తూ వచ్చింది. వైద్యుడూ శిల్పీ ఒకరి మాట ఒకరు విన్నందువల్లనే ఇది సాధ్యమైంది. చదువు చేతిపనిని చిన్నచూపు చూసి ఉంటే ఆ పాదం పుట్టేది కాదు.

క్షిపణి నుండి కాలిపర్ దాకా

పునరావాసంలో బరువు ఒక ముఖ్యమైన సమస్య. దీనికి సంబంధించి మన హైదరాబాదులోనే జరిగిన సంఘటనను డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం తన ప్రసంగాలలో పలుమార్లు చెప్పారు. ఆయన హైదరాబాదులో క్షిపణి పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న రోజులలో నిజామ్ వైద్యవిజ్ఞాన సంస్థ నుండి ఎముకల వైద్యులు ఒకరు ప్రయోగశాలను చూడవచ్చారు. అగ్ని క్షిపణి కోసం రూపొందించిన ఒక పదార్థాన్ని చేతిలోకి తీసుకొని, అది అంత తేలికగా ఉండడం చూసి ఆశ్చర్యపడ్డారు. వెంటనే కలాంను తమ ఆస్పత్రికి తీసికొనివెళ్లి పోలియో సోకిన పిల్లలను చూపించారు. ఒక్కొక్కటి మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను ఈడ్చుకొంటూ ఆ చిన్నారులు నడుస్తున్నారు. కండరాల శక్తి లేని కాలికి బలమిచ్చేందుకు అమర్చినదే ఆ కాలిని మరింత కుంగదీస్తున్నది.

మూడు వారాలలో శాస్త్రవేత్తలు 300 గ్రాముల కాలిపర్లను తయారుచేశారు. బరువు పదోవంతుకు తగ్గింది. వాటిని ధరించిన పిల్లలు తమ కళ్లను తామే నమ్మలేకపోయారనీ, తల్లిదండ్రులు ఆనందబాష్పాలు రాల్చారనీ కలాం చెప్పేవారు. తన జీవితంలోని గొప్ప ఆనందాలలో దీనిని ఆయన ఒకటిగా లెక్కించారు. అటుతరువాత 1998లో హైదరాబాదుకు చెందిన హృద్రోగ వైద్యులు సోమరాజుతో కలిసి ఆయన రూపొందించిన తక్కువ వెల స్టెంటు కలాం-రాజు స్టెంటుగా పేరుపొందింది.

మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువపత్రం లభించింది. అయినా ఆ వ్యాధి బాల్యంలో సోకినవారు నేటికీ మన నడుమ ఉన్నారు. రోగం దేశాన్ని విడిచినా రోగి అవసరం మిగిలే ఉంటుంది. ఆ పదార్థం అంతకు ముందు నుండీ ప్రయోగశాలలో ఉన్నది. ఆ పిల్లలూ అదే నగరంలో ఉన్నారు. ఒక వైద్యుడు ఆ రెండింటినీ కలిపి చూసిన తరువాతనే కాలిపర్ పుట్టింది.

యంత్రం తోడు, మనిషి చేయి

ఇటీవలి పరిశోధనలు కూడా ఇదే మార్గంలో సాగుతున్నాయి. ఐ.ఐ.టి. మద్రాసులో ఆచార్య సుజాతా శ్రీనివాసన్ నేతృత్వంలోని పునరావాస పరిశోధన కేంద్రం 2019లో అరైజ్ అనే చక్రాల కుర్చీని ఆవిష్కరించింది. దానిలో కూర్చున్న వ్యక్తి తన చేతి బలంతోనే, విద్యుత్తు అవసరం లేకుండా, కుర్చీతో సహా లేచి నిలబడగలుగుతాడు. ఎల్లవేళలా కూర్చొనే ఉంటే చర్మం ఒరిసి పుండ్లు పడతాయి, ఎముకలు పలచబడతాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. రోజూ కొంతసేపు నిలబడితే ఈ బాధలు తగ్గుతాయి. అంతకు మించి, ఎదుటివారి కళ్లలోకి సమానమైన ఎత్తునుండి చూసి మాట్లాడగలగడం ఆ వ్యక్తికి ఆత్మగౌరవాన్ని ఇస్తుంది. అదే కేంద్రం ఇతర సంస్థలతో కలిసి 2022లో కదమ్ అనే కృత్రిమ మోకాలిని అందించింది. ఎగుడుదిగుడు నేలపై తొట్రుపడకుండా నడవడానికీ, ఇరుకైన బస్సులలో, ఆటోలలో కాలు మడిచి కూర్చోవడానికీ వీలుగా దానిని రూపొందించారు.

పక్షవాతం వల్ల చేయి పడిపోయినవారికి పదేపదే ఆ చేతిని కదిలించే అభ్యాసం మేలు చేస్తుంది. దెబ్బతిన్న మెదడు ఆ అభ్యాసం వల్ల కొత్త దారులు ఏర్పరచుకొంటుంది. గంటల తరబడి ఈ అభ్యాసం చేయించడానికి అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1990 దశకంలో ఒక రోబోను నిర్మించారు. 2010లో ప్రకటితమైన పరీక్షాఫలితాలను బట్టి, అంతే తీవ్రతతో మనిషి చేయించిన అభ్యాసం కన్న రోబో చేయించిన అభ్యాసం ఎక్కువ మేలు చేయలేదు. దీనిని రోబో పరాజయంగా భావించనక్కరలేదు. అలసట లేకపోవడం యంత్రం గుణం. రోగి ముఖంలోని నిరాశను గుర్తించి ధైర్యం చెప్పడం మనిషి గుణం. ఈ రెండు గుణాలూ కలిసినప్పుడే రోగికి సంపూర్ణమైన సేవ అందుతుంది.

చెవుడుతో పుట్టిన పిల్లలకు అమర్చే కాక్లియర్ ఇంప్లాంటు విషయమూ ఇటువంటిదే. శస్త్రచికిత్సతో శబ్దం వినబడుతుంది. కాని వినబడిన శబ్దం మాటగా అర్థం కావడానికి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి శిక్షణ కావాలి. తల్లి ప్రతిదినం పక్కన కూర్చుని ప్రతి వస్తువునూ చూపి పేరు పలికితే గాని ఆ బిడ్డకు భాష రాదు. యంత్రం చెవిని ఇస్తుంది. మాటను తల్లి ఇస్తుంది.

మన కర్తవ్యం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలోను, హైదరాబాదు ఐ.ఐ.టి.లోను జీవవైద్య ఇంజనీరింగ్‌కు ప్రత్యేక శాఖలు ఉన్నాయి. విశాఖపట్నంలో 2018లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో వైద్యపరికరాల తయారీకి, పరీక్షకు కావలసిన వసతులు ఒకేచోట సమకూరాయి. కాబట్టి తెలుగు విద్యార్థులు ఈ రంగంలో ప్రవేశించడానికి మార్గాలు చేరువలోనే ఉన్నాయి. అయితే మార్గంతో పాటు దృష్టి కూడా అవసరం.

ఎం.పి.సి. విద్యార్థికి బలాలు, కోణాలు, విద్యుత్తు తెలుసు. బై.పి.సి. విద్యార్థికి ఎముక, నరం, రక్తం తెలుసు. సాంఘిక శాస్త్రాల విద్యార్థికి ఆ మనిషి నివసించే సమాజం, అతని ఆదాయం, అతని అలవాట్లు తెలుసు. పైన పేర్కొన్న విజయాలలో ఏ ఒక్కటీ ఒకే శాస్త్రం వల్ల సిద్ధించలేదు.

వీటన్నింటితో పాటు భాష కూడా కావాలి. రోగి తన బాధను తన భాషలోనే చెప్పుకొంటాడు. పోటు, సలుపు, తీపు, గుంజు, మంట, తిమ్మిరి అని మన పెద్దలు ఒక్కొక్క బాధకు ఒక్కొక్క పేరు పెట్టారు. పోటు అన్నది ఉండి ఉండి పొడిచినట్లు వస్తుంది. సలుపు ఎడతెగక ఉంటుంది. తిమ్మిరి స్పర్శను హరిస్తుంది. ఈ భేదాలను స్కాన్ చిత్రం చూపదు. కాలిపర్ ధరించిన పిల్లవాడు ఇక్కడ ఒరుసుకొంటున్నది అన్నప్పుడు ఆ మాటను శ్రద్ధగా విని, ఆ చోట అరంగుళం సవరించగలవాడే నిజమైన ఇంజనీరు. ఆ మాట వినకపోతే రేపటికి ఆ కాలిపర్ అటక ఎక్కుతుంది. పిల్లవాడు బడి మానివేస్తాడు.

ఒక పరికరాన్ని చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవడం విద్యార్థులకు అలవాటు కావాలి. దీనిని ఎవరి దేహాన్ని దృష్టిలో ఉంచుకొని చేశారు? దీనిని వాడేవారు ఏ నేలమీద, ఏ పనిలో బ్రతుకుతున్నారు? ఇది చెడిపోతే వారి ఊరిలో బాగుచేసేవారు ఉన్నారా? ఈ మూడింటికీ తగిన సమాధానం చెప్పగల పరికరమే రోగికి నిజమైన ఉపకారం చేస్తుంది.

పదజాలం

ఆకరగ్రంథం = మూలాధారమైన గ్రంథం
జటిలమైన = చిక్కైన
శోషించు = పీల్చుకొను
పరారుణ కాంతి = ఎరుపునకు ఆవల ఉండి కంటికి కనిపించని కాంతి
ధమని = గుండె నుండి రక్తాన్ని కొనిపోయే నాళం
కవాటం = తలుపు; రక్తాన్ని ఒకే వైపునకు పోనిచ్చే గుండెలోని భాగం
ఔచిత్యం = తగి ఉండడం
ఆలంకారికుడు = కావ్యశాస్త్రాన్ని రచించినవాడు
సిద్ధహస్తుడు = చేయి తిరిగినవాడు
చీలమండ = పాదమూ పిక్కా కలిసేచోటి కీలు

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. జైపూరు పాదం, తేలికైన కాలిపర్ల నిర్మాణంలో వైద్యునికి ఇతరులతో కలిగిన సహకారాన్ని వివరించండి.
2. యంత్రానికి పక్షపాతం ఉండదన్న అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. వైద్యంలో పునరావాసం అన్న మాటకు గల అర్థాన్ని తెలపండి.
2. అవోయాగి పరిశోధనలో అడ్డంకి ఆధారంగా మారిన తీరును వ్రాయండి.
3. కృత్రిమ కవాట నిర్మాణంలోని కష్టాలను పేర్కొనండి.
4. ఔచిత్య సిద్ధాంతం పరికరాలకు ఏ విధంగా వర్తిస్తుంది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. యంత్రాలలో ప్రధానమైనదిగా సుశ్రుతుడు దేనిని పేర్కొన్నాడు?
2. స్టెతస్కోపు ఆలోచనకు నాంది పలికినవారు ఎవరు?
3. మొదటి సి.టి. స్కాన్ ఏ నగరంలో తీశారు?
4. కలాం బృందం తయారుచేసిన కాలిపర్ బరువు ఎంత?

ఈ) భాషాభ్యాసం
1. మీ ప్రాంతంలో బాధను, నొప్పిని తెలిపే పదాలను పెద్దలను అడిగి సేకరించి, ఒక్కొక్కదానిని సొంతవాక్యంలో ప్రయోగించండి.
2. మీ ఊరిలో చక్రాల కుర్చీని గాని, కృత్రిమ పాదాన్ని గాని, వినికిడి యంత్రాన్ని గాని వాడుతున్నవారితో మాట్లాడి, ఆ పరికరం వల్ల కలిగిన మేలును, మిగిలిన ఇబ్బందులను ఒక పుటలో వ్రాయండి.